మూడో కాగితం

సోమవారం పొద్దున ఆదోని కోర్టు వరండాలో ఉండగా మా గుమాస్తా ఫోన్ చేశాడు. "సార్ పోయినారమ్మా." మా సీనియర్ ఇక లేరనగానే నాకు ముందు భయం వేసింది. ఏడుపు తర్వాత వచ్చింది. ఆ భయం ఎందుకో చెప్పకుండా ఆయన్ని పొగిడితే ఆయనే ఒప్పుకోరు.

ఎమ్మిగనూరు మగ్గం ఇంట్లో మొదటి లాయరు ఆయన. హొళగుంద కూలి ఇంట్లో మొదటి లాయరును నేను. చేరిన రోజే తన పాత నల్లకోటు నా ఒంటికి సరిచేయించి ఇచ్చారు. అది ఆయనకు ఆయన సీనియర్ ఇచ్చినదట. "మన ఇండ్లల్లో లాయర్లు లేరు పాపా. తప్పు చేస్తే ఎనకేసుకొచ్చేటోళ్లు ఉండరు," అనేవారు.

రాసిన ప్రతి కాగితమూ కక్షిదారుకు తెలుగులోనో కన్నడంలోనో ఉర్దూలోనో చదివి వినిపించేవారు. "ఇప్పుడు నువ్వు సెప్పప్పా, ఏం రాసినాము?" అని అడిగి, వాళ్లు తిరిగి చెప్పాకే వేలిముద్ర వేయించేవారు. ఎంతకీ తెమలని ఆ పద్ధతికి నేను లోలోపల విసుక్కునేదాన్ని.

మొదటి ఏడాది, ఆయన ఊళ్లో లేని ఒక మధ్యాహ్నం, మా ఊరి రైతు ఒకాయన బస్సు వెళ్లిపోతుందని తొందరపడ్డాడు. దాయాదులతో పొలం దావా ఆయనది. తర్వాత రాసుకోవచ్చులే అని మూడు తెల్లకాగితాల మీద ఆయన వేలు పట్టి ముద్ర వేయించాను. సాయంత్రం సార్ వచ్చి చూసి చించేశారు. రెండే ఉన్నాయి. మూడోది ఎంత వెతికినా దొరకలేదు.

ఆ సంగతి కోర్టుకు రాసివ్వాలి. సార్ రాశారు, ఇవ్వలేదు. "ఇస్తే నీ కోటు పోతాది," అన్నారు. నేనెరిగి ఆయన చేసిన తప్పు అదొక్కటే, అదీ నా కోసం. అప్పటినుంచి ఆఫీసులో అడుగుపెట్టగానే ఆయన మొదటి మాట, "దొరికినాదా?" ఆసుపత్రి మంచం మీదా అదే అడిగారు. లేదన్నాను. "వస్తాది పాపా. వచ్చిన దినం దాసొద్దు."

ఆయన పదకొండో రోజు ముగిసిన మర్నాడే ఆ కాగితం బయటికొచ్చింది, దాయాదుల చేతికి ఎలా చిక్కిందో తెలియదు. దాయాదుల తరఫు లాయరు కోర్టులో ఒక రాజీపత్రం దాఖలు చేశాడు. పొలం మీద తనకు హక్కు లేదని మా రైతు ఒప్పుకున్నట్టు అందులో ఉంది. కింద ఊదారంగు వేలిముద్ర, కుడివైపుకు చెదిరి. బస్సు తొందరలో ఆ చెయ్యి లాగింది నేనే.

"అదేం కాగితమమ్మా?" అన్నాడు రైతు. చదివి వినిపించాను. తిరిగి చెప్పబోయి, ఆయన తన బొటనవేలి వంక చూసుకున్నాడు.

గురువారం వాయిదా. ఈ దావాలో ఇక నేను లాయరును కాను, ఆ తెల్లకాగితం సంగతి చెప్పే సాక్షిని. గుమాస్తా నా వంక చూడకుండా ఆ పాత కోటు దులిపి సార్ కుర్చీకి తగిలించాడు. గురువారం దాన్ని అక్కడే వదిలి వెళ్లాలి.