సుందరరావు పట్టాళం ఇంగ్లీషు

క్రోసూరు సుందరరావు పట్టాళంలో మూడేళ్లు చేసింది యుద్ధం కాదు, తెల్ల సోల్జర్లకు భోజనాలు వడ్డించడం. వాళ్లు తాగి ఒకళ్లనొకళ్లు ఆటపట్టించుకునే మాటలు నాలుగు ఏరుకుని, దొరల అసలు ఇంగ్లీషు అదేనని నమ్మి ఊరికొచ్చాడు. ఆ మాటలకు అర్థం అంతో ఇంతో తెలుసు. ఎవరితో అనాలో, ఎప్పుడు అనాలో మాత్రం తెలియదు, తెలుసుకోవాలన్న బుద్ధీ లేదు. పాస్టరుగారి తల్లిని సమాధి చేసిన రోజు గుంటలో పిడికెడు మట్టి వేసి, పెద్దగా "చీరియో!" అన్నాడు. తాగినవాళ్లు బల్ల దగ్గర్నుంచి లేచిపోతూ అనుకునే మాట అది. ఏదో బైబిలు వాక్యం కాబోలనుకుని జనం "ఆమెన్" అన్నారు. ఆయనగారి పాండిత్యం అట్లా ఊళ్లో చెలామణి అయింది.

1957లో కూతురు ప్రేమకుమారి స్కూలు ఫైనలు ప్యాసైంది. నరసరావుపేట మిషను ఆసుపత్రిలో నర్సు ట్రైనింగుకు ఒకే ఒక్క సీటు మిగిలింది. అది రాకపోతే పిల్లను తన తమ్ముడు యాకూబుకు ఇచ్చి చేయాలని తల్లి ఆరోగ్యమ్మ ఖాయం చేసుకుని కూర్చుంది. యాకూబుకు నలభై దాటాయి. పిల్ల భయంతో, ఇంటర్వ్యూ కోసం బళ్లో నేర్చిన ఇంగ్లీషును వారం రోజులు వల్లెవేసుకుంది.

"ఏందే ఆ ఇంగిలీసు? పాఠం అప్పజెప్పినట్టుంది! దొరలట్టా మాట్టాడుకోరు. నువ్వు నోరు మూసుకో, నేను చూసుకుంటా" అన్నాడు తండ్రి.

సీటు ఇచ్చే తెల్లడాక్టరమ్మకు అరవై ఏళ్లు. పెళ్లి మానుకుని రోగుల మధ్యే బతికిన మనిషి. సుందరరావు తిన్నగా గదిలోకి పోయి, చెయ్యి ఊపి, "హలో, ఓల్డ్ గర్ల్! బ్లడీ హాట్!" అన్నాడు. ఏమే ముసలీ, దిక్కుమాలిన ఎండే అన్నట్టు. మునసబుగారి తల్లిని ఈ మాటంటే చెట్టుకు కట్టేసేవాళ్లు. డాక్టరమ్మ ముఖం కందిపోయింది. తన చొరవ బ్రహ్మాండంగా పనిచేసిందనుకుని ఈ మహానుభావుడు కుర్చీ కూడా లాక్కోబోయాడు.

ఎవరితను అని డాక్టరమ్మ ప్రేమకుమారినే అడిగింది. పిల్ల తల వంచుకుని, మాటకు మాట విడదీసి పలికింది. "హీ ఈజ్ ఎ మ్యాన్ ఫ్రమ్ అవర్ విలేజ్, మేడమ్." మా ఊరి మనిషండీ, అంతే.

సుందరరావు చెయ్యి కుర్చీ మీదే ఆగిపోయింది. డాక్టరమ్మ బయట కూర్చోమంటే వెళ్లి వరండాలో కూర్చున్నాడు.

అరగంటకు ప్రేమకుమారి కాగితం పట్టుకుని వచ్చింది. సీటు ఇచ్చారట. సోమవారానికల్లా తండ్రి సంతకం చేయించి తెమ్మన్నారట. అంత చెప్పి, తండ్రి ముఖం చూడలేక ఏడ్చింది.

ఆయన కాగితం మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశాడు.

"సోమారం నువ్వొక్కదానివే తీసకపోమ్మా. అడిగితే మా నాయనకు జొరమని చెప్పు" అన్నాడు.