మా ఇంట్లో మహారాణి బిరుదు

సికింద్రాబాద్‌లో, బోయిన్‌పల్లి మార్కెట్లో మా అత్తగారివాళ్లది కూరగాయల దుకాణం. పెళ్లయిన మొదటి వారంలోనే మా అత్తమ్మ నాకు బిరుదు ఇచ్చేసింది. ఒకరోజు కాస్త ఆలస్యంగా లేచాను. "మహారాణికి ఇప్పుడు తెల్లారిందా?" అంది. అంతే, ఇక ఇంట్లో ఎవరి నోటా నా పేరు రాలేదు. జ్వరమొచ్చి పడుకుంటే మహారాణి, పుట్టింటికి పోతానంటే మహారాణి. మా ఆయన అదేదో ముద్దుపేరైనట్టు నవ్వేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

మా పాపకు ఆరేళ్లు. అది నిజంగా పొగడ్తే అనుకుంది. బళ్లో వేషాల పోటీ పెడితే, "నేను అమ్మ లెక్క మహారాణి వేషం ఏస్త" అని పట్టుబట్టింది. సరే, దీనికైనా ఆ మాట గౌరవంగా తెలియాలనుకున్నాను. నేను పడ్డ తిట్టు రేపు దాని మీద పడకూడదు. అదొక్కటే నా పట్టుదల.

పుస్తకాలు తిరగేశాను. వెతికిన గౌరవం ఎక్కడా దొరకలేదు. మహారాణి అంటే మహారాజు భార్య, అంతే. పట్టాభిషేకంలో ఆయన పక్కన కూర్చునేది పట్టమహిషి. మహిషి అంటే నిఘంటువులో పట్టపురాణి అనీ ఉంది, గేదె అనీ ఉంది. ఇంతెందుకు, ఓరుగల్లును నిజంగా ఏలిన ఆడమనిషిని శాసనాల్లో మహారాజు అనే చెక్కారు. ఏలడానికి మహారాణి అన్న మాట చాల్లేదన్నమాట. పాపకు ఇవేవీ చెప్పలేదు. "నేను మహారాణిని, రాజ్యం ఏలుతాను" అని రెండు ముక్కలు నేర్పాను.

స్టేజీ ఎక్కాక పాప ఆ రెండు ముక్కలూ మరిచిపోయింది. టీచర్ బుజ్జగిస్తూ, "మహారాణి ఏం చేస్తది బేటా?" అని అడిగింది.

"అందరికంటే ముందు లేస్తది. అందరు తిన్నంక తింటది. జెర కూసుంటే నాయనమ్మ తిడ్తది."

హాలంతా నవ్వింది. నా పక్కన ఫోన్‌లో వీడియో తీస్తున్న మా ఆయన కూడా నవ్వాడు. నేను తలెత్తలేకపోయాను. సిగ్గుతో కాదు, కోపంతో.

ఇంటికొచ్చి ఆ వీడియో అత్తమ్మకు చూపించాడు. ఆమె అరుస్తుందనుకున్నాను. మురిసిపోయింది. "పిల్లకు అన్ని ఎరుకనే. రేపు అత్తగారింట్ల పరేషాన్ ఉండది" అంది.

నేను వంటింట్లోకి వెళ్లి రెండు కంచాల్లో అన్నం పెట్టుకొచ్చాను. ఒకటి పాపకు, ఒకటి నాకు. వాళ్ల ఎదురుగానే కూర్చుని తినడం మొదలుపెట్టాను.

"ఏందీ, మాకు పెట్టకుండనే కూసున్నవ్?" అన్నాడు మా ఆయన.

"గిన్నెలు ఆడనే ఉన్నయ్, పెట్టుకోండ్రి" అన్నాను.

అత్తమ్మ ఆ పూట నన్ను మహారాణి అనలేదు.