అమెరికా గిటారుకు ఆదితాళం

1983 సెప్టెంబరు 18, ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటలు. చిత్తూరు, బెల్లం మండీ మిద్దె మీది గది. హాజరైనవాళ్లు: మండీ యజమాని, మా సంగీత సభకు కార్యదర్శి కూడా ఆయనే, తిరుపతిలో వయొలిన్ నేర్పి రిటైరైన అయ్యోరు, సభ రాతకోతలు చూసే నేను, వడమాలపేట నుంచి వచ్చిన గిటారతను.

డైరీలో ఆ రోజు కింద ఇంతే ఉంది. దాని తర్వాత ఒక వరస నిలువు గీతలు. మిగతాది జ్ఞాపకం నుంచి రాస్తున్నాను.

గిటారతనికి అప్పటికి ముప్పై దాటి ఉంటాయి. శెనక్కాయలు పండించే ఇంటి మనిషి. పెండ్లి ఆర్కెస్ట్రాల్లో పాటగాళ్ల వెనక నిలబడి వాయించేవాడు. వాళ్ల నాయన గిటారును రికార్డు డాన్సుల పెట్టె అనేవాడంట. శ్రీకాళహస్తిలో ఒక పెండ్లిలో అతని వాయింపు విని, మా మండీ ఆయన మంచి హుషారులో ఉండి, దసరా కచ్చేరీల్లో ఇరవై నిమిషాలు ఇస్తానని పదిమంది ఎదుట మాటిచ్చినాడు. ఆరో రోజు సాయంత్రం గిటారు అని నేనే కచ్చేరీల పట్టీలో రాసినాను. తర్వాత సభ్యులు నవ్వినారు. సభలో గిటారేమిటి, రేపు డ్రమ్ములు కూడా ఎక్కిస్తారా అన్నారు. ఆహ్వానపత్రిక సోమవారం అచ్చుకు పోవాలి. ఇచ్చిన మాట ఊరికే వెనక్కి తీసుకుంటే మర్యాద కాదు కాబట్టి, ఒక కారణం కావాల్సి వచ్చింది. ఆదివారాలు మేం రికార్డులు వినే కూటానికి రమ్మని అతనికి కార్డు రాసింది కూడా నేనే.

అతను రెండు బస్సులు మారి వచ్చినాడు. రెండు అట్టల నడుమ పెట్టి, ఒళ్లో పట్టుకొని ఒక రికార్డు తెచ్చినాడు. మద్రాసు మూర్ మార్కెట్లో పాతవాటిలో దొరికిందంట. ఒక్కో వైపు ఒక్కో కాన్సెర్టో, రెండూ ఇప్పుడు బతికుండే అమెరికా వాళ్లు గిటారు కోసం రాసినవే అని చెప్పినాడు. గిటారు ఒక్కటి ముందు కూర్చుంటుంది, యాభై అరవై మంది వాద్యగాళ్లు దానికోసం కాచుకొని ఉంటారు, ఇది వింటే మీకే తెలుస్తుంది అన్నాడు. మూడు నెలలుగా రోజూ వింటున్నానన్నాడు.

మా కూటానికి ఒక కట్టుబాటు ఉండేది. రికార్డు తెచ్చినవాడు అందరి ఎదుట తొడమీద చివరిదాకా తాళం వేయాలి. తప్పిన ప్రతిసారీ నేను డైరీలో ఒక గీత గీస్తాను. కృతుల రికార్డులు తెచ్చినవాళ్లకు ఎప్పుడూ మూడు నాలుగు గీతలకు మించలేదు. మండీ ఆయన కట్టుబాటు చెప్పగానే గిటారతను కొంచెం తడబడినాడు. ఇది ఒకే లెక్కలో నడవదు, ఏడు, అయిదు, మళ్లా ఏడు అని మారతా పోతుంది అన్నాడు. అయినా వేస్తానన్నాడు. వెయ్యకపోతే ఇరవై నిమిషాలు పోతాయని అతనికి తెలుసు.

రికార్డు మొదలైంది. ముందు ఇత్తడి బాకాలు, పుత్తూరు రోడ్డు మీద లారీలు ఒకదాన్నొకటి దాటేటప్పటి మాదిరి. అవి ఆగినాక గిటారు. కలెక్టరు ఎదుట అర్జీ చెప్పుకొనే రైతు గొంతులాగా చిన్నగా, తొందర లేకుండా వచ్చింది. రెండు మాటలు చెబుతుంది, మళ్లా అందరూ కలిసి దాని మీద పడతారు.

"ఏమప్పా, పెండ్లికొడుకు ఇంగా రాలేదని వాయిస్తా ఉండారా?" అన్నాడు అయ్యోరు. మండీ ఆయన పడీపడీ నవ్వినాడు. గిటారతను కూడా నవ్వినాడు, చెయ్యి ఆపకుండా.

మా కూటంలో లెక్కంటే ఆదితాళమే, ఎనిమిది. ఒక దెబ్బ, మూడు వేళ్లు, దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. మనసులో నేను అదే వేసుకుంటున్నాను. అతని చెయ్యి నా ఎనిమిదితో కలవనప్పుడల్లా ఒక గీత గీసినాను. పది గీతలు దాటినాక ఒక సంగతి గమనించినాను. అతని అరచెయ్యి తొడమీద పడిన ప్రతిసారీ రికార్డులో పెద్ద డప్పు కూడా పడుతోంది. ఒక్కసారి కూడా ముందూ వెనకా కాలేదు. తప్పుతున్నది నా ఎనిమిది. అయ్యోరి వైపు చూసినాను. ఆయన కూడా గమనించినాడు; చూపు తిప్పుకొని పొడుం డబ్బీ తీసినాడు. మండీ ఆయన నా కలం వైపే చూస్తున్నాడు. నేను గీస్తా పోయినాను.

మొదటి భాగం అయిపోయి కాస్త నిశ్శబ్దం వస్తే మండీ ఆయన రికార్డు మీంచి ముల్లు ఎత్తబోయినాడు. ఇంకా రెండు భాగాలున్నాయని అతను బతిమాలినాడు. రెండో భాగంలో గిటారు దాదాపు ఒంటరి. వెనక వయొలిన్లు ఒకే స్వరం మీద కదలకుండా నిలబడినాయి. దెబ్బే లేదు. అతను చెయ్యి ఆపి కండ్లు మూసుకున్నాడు. నేను అలాంటిది అంతకు ముందు వినలేదు, తర్వాతా వినలేదు. చెయ్యి ఆగినందుకు వరసగా గీతలు గీసినాను.

మూడో భాగం పరుగు. చొక్కా తడిసిపోయింది అతనికి. చివరి దెబ్బ అందరు వాద్యగాళ్లతో కలిసి తొడమీద వేసి, పరీక్ష బాగా రాసినవాడి మొహంతో మా వైపు చూసినాడు.

"ఎన్ని?" అన్నాడు మండీ ఆయన.

"నలభైమూడు."

గిటారతనికి అర్థం కాలేదు. "యాడన్నా తప్పింది?"

"యాడ తప్పలేదో అడుగప్పా. అదైతే సుళువుగా చెప్తాం" అన్నాడు మండీ ఆయన.

రికార్డు ఇంకోసారి వెయ్యమన్నాడు గిటారతను. రెండో వైపైనా వినమన్నాడు. మండీ ఆయన రికార్డును కవరులో దూర్చి అతని చేతిలో పెట్టి, పెండ్లిండ్లలో నీకేం తక్కువ అన్నాడు, ఎంతో మంచిగా. అప్పుడతను నా వైపు తిరిగినాడు.

"సార్, మీరు సూస్తానే ఉండారు గదా. డప్పుతో పాటే పడలేదా నా చెయ్యి?"

అయ్యోరు పొడుం పీల్చుకుంటున్నాడు. నేను క్యాపు పెట్టి కలం జేబులో పెట్టుకున్నాను. "నాకు తెలిసింది రాసినానప్పా" అన్నాను.

మరుసటి రోజు పొద్దున ఎనిమిదికి పట్టీ తీసుకొని అచ్చాఫీసుకు పోయినాను. అతను మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఊరికి పోలేదు. చొక్కా అదే. గొడవకు వచ్చినాడేమో అనుకున్నాను. కాదు. చేతులు కట్టుకొని మెల్లగా అడిగినాడు.

"మీరు తప్పు రాసే మనిషి కాదంటారు సార్, అందరూ. నిజంగా నలభైమూడేనా?"

"నిజంగానే" అన్నాను.

అతను తల ఊపినాడు. "అట్లయితే నా చెవే తప్పు సార్" అన్నాడు. "మూడు నెల్లు తప్పే ఇనుకుంటా ఉండాను." నాకు దండం పెట్టి బస్టాండు వైపు పోయినాడు.

నేను లోపలికి పోయి పట్టీ ఇచ్చినాను. ఆరో రోజు దగ్గర గిటారు మీద కొట్టివేత ఉంది. ఆడ ఖాళీ కనిపిస్తుందే సార్, ఏం చేసేది అని అడిగినాడు అక్షరాలు పేర్చే ఆయన. కింది లైను పైకి జరపమన్నాను.