మా తాతగారి లైట్‌హౌస్‌కు నేను పెట్టించిన బోర్డు

మీ కింది అధికారులకు పదకొండు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. అందుకే మీ దగ్గర మొర పెట్టుకుంటున్నాను. మా తాతగారి పరువును నా చేతులతో నేనే ఎలా ముంచానో వినండి.

తాతగారు కోస్తాలో ఒక లైట్‌హౌస్‌లో దీపం వెలిగించేవారు. ఆ లైట్‌హౌస్ ఎప్పుడో మాయమైపోయింది. అమీర్‌పేటలో నేను ఈ సంగతి చెప్పని టీకొట్టు లేదు. పంజాగుట్టలో కళ్లద్దాల దుకాణం నడిపే ఖలీల్ భాయ్ మాత్రం, "జాగా చూపియ్యి భాయ్, అప్పుడు నమ్ముత" అన్నాడు. ఆ మాట నేటికీ మరవలేదు. వెంటనే ఆయన్ని రైలెక్కించాను.

తాతగారి ఊళ్లో దిగి తీరమంతా వెతికితే, సరుగుడు తోపులో గుండ్రటి ఇటుక పునాది కనిపించింది. నా కళ్లు చెమర్చాయి. "ఇదే!" అన్నాను.

"గీడకెళ్లి సముద్రమే కనబడ్తలేదు కదా భాయ్!"

"అప్పట్లో ఈ చెట్లు లేవండీ."

"గా చేపలు ఎండబెడుతున్న అమ్మను జర అడుగుదాం."

"మా తాతగారి లైట్‌హౌస్ గురించి నేను ఒకర్ని అడగాలా? ఏంటండీ మీరు!"

తిరిగొచ్చి, ఫొటోలు జతచేసి, అక్కడ తాతగారి పేరుతో బోర్డు పెట్టమని ఆ అధికారులకే అర్జీ పంపాను. మా వీధి మురుగుకాలువ గురించి ఏళ్లతరబడి మొత్తుకున్నా వినేవాడు లేడు. ఈ బోర్డు మాత్రం మూడు నెలల్లో పాతేశారు!

దండ పట్టుకుని, ఖలీల్ భాయ్‌ని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాను. కొబ్బరికాయ కొట్టి, బోర్డుకు దండ వేసి, భక్తిగా కళ్లు మూసుకున్నాను. వెనకనుంచి ఆ చేపల ముసలమ్మ గొంతు వినిపించింది.

"నీళ్ల ట్యాంకుకి దండేస్తున్నావేంటి బాబూ?"

"ట్యాంకా?"

"మూతబడిన ఐసు ఫ్యాక్టరీది. లైట్‌హౌస్ సముద్రంలో కలిసిపోయింది కదా! అదిగో, ఆ పడవ ఊగుతోందే, అక్కడుండేది."

"మరి పోయినసారి చెప్పలేదేం?"

"నువ్వడిగితే గదా!"

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ముసలమ్మైనా చెప్పదని నాకు ఆ రోజే తెలిసింది.

ఖలీల్ భాయ్ నవ్వలేదు. కొబ్బరిముక్క నములుతూ, "దుకాన్‌కు రా భాయ్, దూరం చూపు జర చెక్ చేస్త" అన్నాడు. అదీ మరవను.

ఆ బోర్డు తీసేయమనే ఈ పదకొండు ఉత్తరాలూ. తప్పు రాసినప్పుడు పరుగెత్తుకొచ్చినవాళ్లు నిజం రాస్తే ఉలకరు, పలకరు. ఈలోగా బడిపిల్లల్ని తీసుకొచ్చి ట్యాంకుకు దండం పెట్టిస్తున్నారట.

సముద్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: చేపలు ఎండబెట్టే ముసలమ్మను అడగనిదే ఇకమీదట ఏ అర్జీ రాయను. ఈ పన్నెండోది ఆవిడను అడిగే రాస్తున్నాను. అయ్యా, మా తాతగారు దీపం వెలిగించిన మనిషి, ట్యాంకు నింపిన మనిషి కాదు. ఆయన పేరు అక్కడినుంచి ఎప్పుడు తీస్తారు? ఒక్క ముక్క జవాబు రాయండి!