పెళ్లికారులో మిగిలిపోయిన పిన్ను

పెళ్లికూతురు మేకల ఆటోలో చర్చికి పోవడం మీరెప్పుడన్నా చూసినారా? మొన్న బేస్తవారిపేటలో మా సునీతక్క అట్లనే పోయింది. కారణం నేనే!

సునీతక్క మా పెద్దమ్మ కూతురు. పెళ్లినాడు తన పాత కార్లో చర్చికి తీసుకుపోతానని మా నాయన ఎప్పుడో మాటిచ్చినాడు. సరిగ్గా పెళ్లి వారంలోనే ఇంజన్‌లో గరగరమని శబ్దం మొదలైంది. టైమింగ్ చైన్ వదులు కాకుండా నొక్కిపట్టే టెన్షనర్ పోయిందని గిద్దలూరు మెకానిక్ ఖాదర్ మామ తేల్చినాడు.

"బండి షెడ్డులో వదిలిపో అబ్బీ, నేను చూస్తా."

నాకు మండింది. ప్రజల చేతిలో ఉండాల్సిన జ్ఞానాన్ని షెడ్డులో బంధిస్తారా? దున్నేవాడిదే భూమి అయితే నడిపేవాడిదే ఇంజన్! కొత్త టెన్షనర్ కొనుక్కొచ్చి, వీడియోలు చూసి నేనే విప్పినాను. రెండు రోజులు ఒళ్లంతా ఆయిలే.

చివర్లో ఒక అనుమానం వచ్చి మామకు ఫోన్ చేసినాను. పాపం, ఓపిగ్గా చెప్పుకొచ్చినాడు.

"టెన్షనర్ బిగించినాక, కవర్ మూయకముందు, దానికుండే సన్న పిన్ను..."

"చూసినాలే మామా! నైపుణ్యం కొందరి సొత్తు కాదు. శ్రామికుడు శ్రామికుడి దగ్గర రహస్యాలు దాచగూడదు..." పది నిమిషాలు దంచినాను.

"అది కాదు అబ్బీ, ఆ పిన్ను..."

"ఉంటా మామా, పెళ్లిలో కలుద్దాం!"

ఊడిపోకుండా కంపెనీవాడే పెట్టినాడు గదా అని పిన్ను అట్లనే ఉంచి కవర్ మూసేసినాను. కవర్‌కు పూసిన గమ్ము తెల్లారేదాకా ఆరాలి కాబట్టి స్టార్ట్ చేసి చూడలేదు.

పెళ్లినాడు కారుకు పూలు, రిబ్బన్లు. తెల్లచీరలో సునీతక్క ఎక్కి కూర్చుంది.

"ప్రార్థన చేసి కదులుదాం," అంది అమ్మ.

"సైన్సుకు ప్రార్థన ఎందుకమ్మా!"

నాయన తాళం తిప్పినాడు. ఇనప డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు గడగడగడ! వెంటనే ఆపేసినాడు.

"ఏందిరా ఇది? దిగండి అందరూ. ఇంకాసేపు తిప్పితే దీన్ని సమాధులతోటకు మోయాల!"

చుట్టాల బస్సు అప్పటికే వెళ్లిపోయింది. మిగిలింది ఎదురింటి వెంకటేశు మామ మేకలు తోలే ట్రాలీ ఆటో. చాప పరిచి, కుర్చీ వేసి, అక్కను ఎక్కించినాం.

"ఏరా, నీ విప్లవం నా పెళ్లితోనే మొదలుపెట్టాల్నా?" అంది అక్క, ముసుగుతో ముక్కు మూసుకుని.

పాస్టరు గారు దీవించేటప్పుడు ఆమె కుచ్చిళ్లలోంచి మేక పెంటిక ఒకటి దొర్లింది. పెళ్లికొడుకు వంగి చూసినాడు. నేను పైకప్పు చూసినాను.

భోజనాల దగ్గర ఖాదర్ మామ ఎదురొచ్చినాడు. "ఇంతకీ ఆ పిన్ను పీకినావా? అది పీకితేనే టెన్షనర్ చైన్‌ను నొక్కుతాది."

నేను బిర్యానీ ప్లేటు వైపు చూస్తూ అడ్డంగా తల ఊపినాను.

మరుసటి రోజు మామే వచ్చి మళ్లీ అంతా విప్పి, పిన్ను లాగినాడు. టక్‌మని చైన్ బిగుసుకుంది. ఆ పిన్ను నా చేతిలో పెట్టినాడు.

"ఇది నీ నోటికి పెట్టుకో అబ్బీ. అవతలోడు చెప్పడం అయిపోయినాక పీకు."

దాన్ని తాళాల గుత్తికి తగిలించుకున్నాను. ఎదుటి మనిషి మాట వినడం గురించి నిన్న ఫ్రెండ్స్‌కు అది చూపించి అరగంట ఉపన్యాసం ఇచ్చినాను. ఒక్కణ్నీ నోరు తెరవనియ్యలేదు.