జోకొట్టిన తలుపు

లాండ్రీలో ఆమెకు అది కొత్త ఉద్యోగం. ఎన్నిసార్లు మీట నొక్కినా బట్టలారబెట్టే డ్రయర్ ఉలకలేదు, పలకలేదు. సాయంత్రానికి ఆసుపత్రి దుప్పట్లు ఆరకపోతే ఉద్యోగం ఊడుతుంది. ప్లగ్గు, ఫ్యూజు సరిగానే ఉన్నాయి.

పక్కన ఇస్త్రీ చేస్తున్న ఆడపడుచు ఫక్కున నవ్వింది. "తలుపేస్తున్నావా వదినా, జోకొడుతున్నావా? గట్టిగా వేస్తేనే లోపలి స్విచ్చి పడుతుంది. మా అన్నయ్య పడుకునేది ఇంట్లో, ఇందులో కాదు!"

భర్తవి ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీలు. పగలు ఆయన నిద్ర చెడకుండా తలుపులు వెయ్యడం ఆమె చేతికి అలవాటైపోయింది. దాన్నే అందరూ ఓర్పని మెచ్చుకున్నారు. డ్రయర్‌కి ఆ మెప్పుతో పనిలేదు.

తలుపు ధడాలున వేసి మీట నొక్కింది. యంత్రం గిర్రున తిరిగింది.

సాయంత్రం ఇంటి తలుపూ అలాగే వేసింది.

"ఎవరదీ?" గదిలోంచి ఉలిక్కిపడి అడిగాడు భర్త.

"నేనేనండీ. పనినుంచి వచ్చా."