ఒక చెవికి రిసీవర్

కిచెనర్ అనే ఊళ్లో ఇల్లు కొన్నాక వచ్చిన రెండో చలికాలంలో మా ఆయనకు ఎడమ చెవి పోయింది. ముందు రోజు మామూలుగానే ఆఫీసు మీటింగుల్లో మాట్లాడాడు. పొద్దున లేచేసరికి ఆ వైపు ఏమీ వినిపించలేదు. స్నానం చేసినప్పుడు నీళ్లు పోయి ఉంటాయనుకున్నాం. క్లినిక్‌కి వెళ్తే వాళ్లు వెంటనే స్పెషలిస్టు దగ్గరికి పంపారు. మొదట స్టెరాయిడ్ మాత్రలు, తర్వాత చెవిలోకి ఇంజెక్షన్లు. కొందరికి తిరిగి వస్తుంది, కొందరికి రాదు అని డాక్టరు ముందే చెప్పింది. మా ఆయనకు రాలేదు.

ఆ వారాల్లోనే స్పీకర్లు ఇంటికొచ్చాయి. చెవి బాగున్నప్పుడు ఆర్డర్ చేసినవి. నడుము ఎత్తు దాటే స్పీకర్లు రెండు, టీవీ కింద పెట్టుకునేది ఒకటి. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉన్నప్పటి నుంచి తనకు ఉన్న కోరిక అది. డెలివరీ వాళ్లు హాల్లో వదిలిపోయిన పెట్టెల చుట్టూ తిరుగుతూ మేము వంటింట్లోకి, బయటికి నడిచేవాళ్లం.

“వాపస్ పంపేద్దాం,” అన్నాడు ఒకరోజు. “స్టీరియోకి రెండు చెవులు కావాలి కదా.”

టికెట్ క్యాన్సిల్ చేసేవాడిలా అన్నాడు. సరే అన్నాను. కానీ ఆ మంచులో పెట్టెల్ని ఎవరూ కదిలించలేదు. వాపస్ గడువు దాటిపోయింది. ఒక ఆదివారం నేను బట్టలు మడతపెడుతుంటే తనే కత్తెర తెచ్చుకుని పెట్టెలు విప్పడం మొదలుపెట్టాడు.

మా పాత రిసీవర్ ఈ దేశానికి రాకముందు, అమెరికాలో ఉన్నప్పుడు కొన్నది. స్పీకర్లకు బలం ఇచ్చేది రిసీవరే. దానికి ఇవి కలిపి కాస్త సౌండ్ పెంచితే, పైన చెయ్యి పెట్టలేనంత వేడెక్కి టక్కున ఆగిపోయేది. కొత్త స్పీకర్లు ఎక్కువ కరెంటు లాగే రకమని, చిన్న రిసీవర్లు వాటిని మోయలేవని తర్వాత తెలిసింది. కొత్తది వెతికే పని నేను తీసుకున్నాను. పగలంతా ఒక్క చెవితో మీటింగులు విని సాయంత్రానికి తను అలిసిపోయేవాడు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఏది దేనితో పనిచేస్తుందో, ఎక్కడ చెడుతుందో చూడడమే నా ఉద్యోగం.

షాపులో ఉన్న అబ్బాయి తొమ్మిది స్పీకర్లు తగిలించుకోగల రిసీవర్ చూపించాడు. మాకు ఉన్నవి మూడే అని చెప్పాను. భవిష్యత్తులో కొనుక్కోవచ్చు అన్నాడు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో రాసిన వాట్లు అన్ని స్పీకర్లూ ఒకేసారి మోగుతున్నప్పటివి కావని అప్పటికే చదివి ఉన్నాను. మా స్పీకర్లను నిజంగా మోసేవి మా బడ్జెట్‌కి అందనంత ఎత్తులో ఉన్నాయి. వడ్డీ రేట్లు పెరిగి ఇంటి మార్ట్‌గేజ్ వాయిదా బరువైన ఏడాది అది. ఆ బరువుకే ఇంటి కింద ఉండే బేస్‌మెంట్ అద్దెకిచ్చాం. మా వీధిలో ఆ ఏడాది స్టూడెంట్స్ లేని బేస్‌మెంట్ లేదు.

మా బేస్‌మెంట్‌లో ఉండే అమ్మాయిది కరీంనగర్. సార్నియాలో కాలేజీ పూర్తి చేసి, వర్క్ పర్మిట్ మీద ఇక్కడికి వచ్చి, ఆఫీసు ఉద్యోగాలకు అప్లై చేస్తూ పొద్దుటి షిఫ్టులో ఒక గోడౌన్‌లో పనిచేసేది. బట్టలు ఉతుక్కోవడానికి పైకి వచ్చినప్పుడు నా లాప్‌టాప్‌లో రిసీవర్ల బొమ్మలు చూసింది.

“అక్కా, మా సార్నియా అంకుల్ దగ్గర ఇసొంటిదే ఉంది. ఇద్దరు లేపితే గాని లేవదు. ఆయన చిన్న కాండో ఫ్లాటుకి మారుతున్నరు, ఎవరికన్నా అమ్మేస్తా అన్నరు.”

చదువుకునేటప్పుడు తను ఆ అంకుల్ ఇంట్లోనే ఒక గది అద్దెకు తీసుకుని ఉండేదట. అక్కడ బస్సులు తక్కువ. మంచు పడితే ఆయనే కాలేజీ దగ్గర దింపేవారట.

మంచు కరిగాక ఒక శనివారం ముగ్గురం వెళ్లాం. ఊరు దగ్గర పడేకొద్దీ ఫ్యాక్టరీల పొగ గొట్టాలు కనిపించాయి. అంకుల్ కాకినాడ వైపు మనిషి, కెమికల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. ఇల్లంతా సగం సర్దిన పెట్టెలు. మా ఆయన సోఫాలో కూర్చుని, ఆయన మాట్లాడుతుంటే అలవాటు ప్రకారం కుడి చెవి ఆయన వైపు వచ్చేలా తల ఎడమకి తిప్పాడు.

“ఏ చెవి బాబూ?” అన్నారు అంకుల్.

మేము ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. “ఎడమది అంకుల్,” అన్నాడు మా ఆయన.

“ఎప్పుడు?”

“ఈ చలికాలమే.”

అంకుల్ జుట్టు పక్కకి తీసి రెండు చెవుల వెనకా ఉన్న వినికిడి మిషన్లు చూపించారు. “నావి మెల్లగా పోయాయి. కంప్రెసర్ల పక్కన డ్యూటీ. ఆ చప్పుడుకి చెవుల్లో పెట్టుకోమని ప్లగ్గులు ఇచ్చేవాళ్లు, మేమే జేబులో వేసుకునేవాళ్లం. లే, ఆ సోఫా కాదు నీకు.”

ఒక కుర్చీ లాక్కొచ్చి ఎడమ గోడకి ఆనించి వేశారు. గదంతా మా ఆయన కుడి చెవి వైపుకి వచ్చింది. తర్వాత రిసీవర్‌లో ఏదో నొక్కి, కుడి ఎడమలుగా విడిపోయే శబ్దాన్ని ఒకటిగా కలిపి అన్ని స్పీకర్లకూ పంపారు. వయొలిన్ కచేరీ పెట్టారు. మా ఆయన ఆఫీసుకి వెళ్తూ ఇయర్‌ఫోన్‌లో ఎప్పుడూ వినే కచేరీల లాంటిదే.

కాసేపటికి, “మృదంగం ఉంది,” అన్నాడు.

“ఉండక ఎక్కడికి పోతుంది?” అన్నారు అంకుల్.

“ఇయర్‌ఫోన్స్‌లో రావట్లేదు అంకుల్. రికార్డింగులో అది ఎడమ వైపు ఉంటుంది.”

ఆ సంగతి నాకు అంతవరకు తెలియదు. ఆ నెలలన్నీ తను మృదంగం లేని కచేరీలు విన్నాడు. అమ్మాయి నా వైపు చూసి, తర్వాత కిటికీలోంచి బయటికి చూసింది.

“దీంతో ఒక లోటుంది, ముందే చెప్తున్నా,” అన్నారు అంకుల్ నాతో. “కొత్త టీవీల బొమ్మ దీంట్లోంచి పోదమ్మా. బొమ్మ నేరుగా టీవీకి పెట్టుకుని, సౌండుకి వేరే వైరు లాక్కోవాలి. అది చిరాకనుకుంటే వద్దు.”

చిరాకు కాదన్నాను. వెనక ప్లేటు మీద మా స్పీకర్ల రకానికి సరిపోతుందని రాసి ఉంది, అది చూసుకున్నాను. బేరమాడితే కొంచెం తగ్గించారు. తనూ ఓ చెయ్యి వేస్తానని అంకుల్ అంటున్నా వినకుండా అమ్మాయి, మా ఆయన కలిసి దాన్ని కారు దాకా మోశారు. అంకుల్ మాకు పెరుగన్నం పెట్టి పంపారు.

ఇంట్లో బిగించాక మొదటి వారం ఇబ్బందే అయింది. మా ఆయన ఆఫీసు ఇంట్లోంచే చేసే రోజుల్లో మధ్యాహ్నం పాటలు పెట్టేవాడు. పొద్దుటి షిఫ్టు నుంచి వచ్చి పడుకునే అమ్మాయి ఒకరోజు నిద్ర కళ్లతో పైకి వచ్చింది.

“అక్కా, ఏమనుకోకు. కింద నా మంచం దడదడలాడుతుంది.”

స్పీకర్ల కింద మందపాటి రబ్బరు ముక్కలు పెట్టాం, దడ పుట్టించే బేస్ శబ్దం తగ్గించాం. తను పడుకునే వేళ తప్పించి వినాలని మా ఆయన నియమం పెట్టుకున్నాడు. ఆ ఎండాకాలం ఆమెకు వాన్ అనే ఊళ్లో, సరుకు రవాణా చేసే ఒక లాజిస్టిక్స్ కంపెనీలో ఆఫీసు ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది. ఇప్పుడు కింద వేరే ఇద్దరు ఉంటున్నారు.

చెవి తిరిగి రాలేదు. కుర్చీ ఎడమ గోడకే ఉంది, వచ్చినవాళ్లు టీవీ ఎదురుగా పెట్టుకోవచ్చు కదా అంటారు. పాటలు బాగానే వినిపిస్తాయి తనకు. ఒక్క చెవితో అర్థం కానిది మనుషులు పిలిచే దిక్కు. నేను పిలిస్తే హాల్ మధ్యలో నిలబడి మెట్ల వైపు, వంటింటి వైపు చూస్తాడు. “పైన ఉన్నా,” అని చెబుతాను, అప్పుడు వస్తాడు.